పెద్దబడి, చిన్నబడి: పట్టికల పేర్ల చిక్కు

రేడియోలో మాటాడువారికి ఒక సౌకర్యము కలదు. ఇంగ్లీషు మాట నొకదానిని మేము పలికినప్పుడు, దాని మొదటి అక్షరము పెద్దబడిలో నున్నదా, చిన్నబడిలో నున్నదా యని వినువారు అడుగరు. అడిగినను చెవికి తెలియదు. "మెంబర్స్" అని పలికినచో అది మెంబర్సే. ఆ మాటను అన్నియు పెద్ద అక్షరములతో వ్రాసినను, అన్నియు చిన్న అక్షరములతో వ్రాసినను, మొదటిదానిని మాత్రము పెద్దదిగా వ్రాసినను ఉచ్చారణ మారదు, అర్థమును మారదు. తెలుగువారమైన మనకు ఈ భేదము మరింత దూరము. మన అక్షరములలో పెద్దవి, చిన్నవి యను వర్గములే లేవు. రాముడు వాక్యమునకు మొదట నిలిచినను, నడుమ నిలిచినను ఒకే రూపమున నుండును. ఇంగ్లీషు ఓనమాలు మొదలుపెట్టిన పిల్లవాడు, ఒకే అక్షరమును రెండు రూపములతో నేర్వవలసి వచ్చినప్పుడు "ఇది యెందుకు?" అని అడుగుట సహజము. పెద్దలు "అది అంతే" యని చెప్పి ఊరకుందురు.

ఆ పిల్లవాని ప్రశ్నకు కంప్యూటర్లలో సమాచారమును భద్రపరచు సాధనములు కూడ ఇంతవరకు ఏకగ్రీవముగా సమాధానము చెప్పలేదు. ఒకటి ఆ రెండు రూపములును ఒకటే యనును. వేరొకటి కావనును. మూడవది "నేనే యింట కాపురమున్నానో దానిని బట్టి చెప్పెదను" అనును. ఈ అభిప్రాయభేదము పండితుల గోష్ఠికి పరిమితమై యుండినచో మేము మీ కాలమును తీసికొనకుందుము. దీనివలన జనుల లెక్కలు కనబడకుండ పోవుట, ఒక్కొక్కప్పుడు నిజముగానే చెరిగిపోవుట సంభవించును.

ముందుగా రెండు మూడు మాటలను తేటపరచుకొందము. రైలులో చోటు రిజర్వు చేసికొన్నప్పుడు, బ్యాంకులో సొమ్ము కట్టినప్పుడు, కరెంటు బిల్లు చెల్లించినప్పుడు మన పేరును వివరములును ఎక్కడనో ఒక కంప్యూటరులో నమోదగును. ఆ నమోదులు గుట్టగా పడియుండవు. పూర్వము కరణముగారి యింట అడంగలు వేరుగను, చిట్టా వేరుగను, ఒక్కొక్కదానిలో గీతలు గీసిన వరుసలతోడను ఉండినట్లే, కంప్యూటరులోను సమాచారము పట్టికలుగా ఏర్పడియుండును. అట్టి పట్టికల సముదాయమును డేటాబేసు అందురు. పట్టికలు వందలకొలది యైనప్పుడు వానిని కొన్ని అరలుగా విభజించి, ఒక్కొక్క అరకు పేరు పెట్టుదురు. ఆ అరకు స్కీమా యని వాడుక. బీరువా డేటాబేసు, అందలి అర స్కీమా, అరలోని పుస్తకము పట్టిక యని భావించినచో నేటి ప్రసంగమునకు చాలును. పుస్తకమును బయటికి తీయుటకు అర పేరును పుస్తకము పేరును చెప్పవలెను. చిక్కంతయు ఆ చెప్పుటలోనే యున్నది.

ఈ పట్టికల పద్ధతికి గణితశాస్త్రపు పునాది వేసినవాడు ఎడ్గార్ కాడ్. ఇంగ్లండులో జన్మించి, అమెరికాలో ఐబీఎం సంస్థవారి శాన్ హోసే పరిశోధనాలయమున పనిచేయుచు ఆయన 1970లో ప్రకటించిన వ్యాసమే దీనికి మూలము. నాలుగేండ్ల తరువాత అదే సంస్థకు చెందిన డొనాల్డ్ చేంబర్లిన్, రేమండ్ బాయ్స్ అను నిరువురు, పట్టికలను ప్రశ్నించుటకు ఇంగ్లీషు వాక్యములను పోలిన ఒక భాషను కల్పించిరి. దానికి మొదట పెట్టిన పేరు సీక్వెల్. ఆ పేరుపై హక్కు ఇంగ్లండులోని హాకర్ సిడ్లీ అను విమాన సంస్థకు ఉండుటచే, ఇంగ్లీషు స్పెల్లింగులోని అచ్చులను తీసివేసి ఎస్‌క్యూఎల్ అని కుదించిరి. పేర్ల తగవు ఈ భాషకు జాతకములోనే వ్రాసియున్నది కాబోలు! 1986లో అమెరికాలోను, 1987లో అంతర్జాతీయముగను అది ప్రమాణభాషగా ఆమోదము పొందినది.

ఇక అక్షరముల సంగతి. రోమనులు రాతిపై చెక్కిన లిపిలో నేడు పెద్దబడి యనబడు రూపములే యుండెను. చిన్న రూపములు తరువాతి శతాబ్దములలో, తోలుకాగితముపై వేగముగా వ్రాయు లేఖకుల చేతిలో రూపొందినవి. అచ్చుయంత్రము వచ్చిన పిమ్మట, సీసపు అక్షరములను కూర్చువాని ముందు రెండు పెట్టెలుండెడివి. పెద్ద అక్షరముల పెట్టె పైనను, చిన్న అక్షరముల పెట్టె క్రిందను ఉండుటచే ఇంగ్లీషులో వానికి అప్పర్ కేస్, లోయర్ కేస్ అను పేర్లు స్థిరపడినవి. తెలుగు ముద్రణాలయములలోను కేసులు ఉండెడివి, మన కంపోజిటర్లు వానిలో గుణింతములకును వత్తులకును గళ్లు వెదకుకొనుచుండెడివారు. పెద్దబడి, చిన్నబడి యను బాధ వారికి తెలుగు కూర్పులో లేదు. ఉన్న బాధలు వారికి చాలును.

తొలినాటి లెక్కల యంత్రములకు ఈ రెండు రూపములును పోషించు స్తోమత లేకుండెను. రంధ్రములు పొడిచిన కార్డులపైనను, కాగితముపై అచ్చువేయు యంత్రములలోను సాధారణముగా పెద్ద అక్షరములే యుండెడివి. ఐబీఎం వారు 1959లో తెచ్చిన 1403 అను ముద్రణయంత్రమునకు వాడుకలోనున్న గొలుసులో 48 గుర్తులు మాత్రమే. అంకెలు, పెద్ద అక్షరములు, కొన్ని విరామచిహ్నములు కూర్చుకొనగా ఇక చోటెక్కడిది? అక్షరములకు సంఖ్యలు కేటాయించిన ఆస్కీ యను అమెరికా ప్రమాణము 1963లో వెలువడినప్పుడు కూడ అందు చిన్న అక్షరములు లేవు. 1967 సవరణలో అవి చేరినవి. పెద్ద 'ఏ'కు 65వ సంఖ్య, చిన్న 'ఏ'కు 97వ సంఖ్య. ఇరువది యాఱు జంటలలోను ఈ తేడా 32 మాత్రమే, ఎచ్చటను మారదు. మనుష్యుని కంటికి అవి ఒకే అక్షరపు రెండు వేషములు. యంత్రమునకు అవి 65, 97. ఎవరైన పనిగట్టుకొని చెప్పిననే తప్ప, ఆ రెంటికిని చుట్టరికమున్నట్లు దానికి తెలియదు.

ఆ చుట్టరికమును గుర్తింపవలెనని ఎస్‌క్యూఎల్ ప్రమాణము నిర్ణయించినది. 1992 నాటి ప్రమాణము ప్రకారము పట్టిక పేరును ఏ రూపమున వ్రాసినను యంత్రము దానిని పెద్ద అక్షరములలోనికి మార్చుకొని చూడవలెను. ఒరాకిల్, ఐబీఎం వారి డీబీటూ అను డేటాబేసులు ఈ మార్గముననే నడచుచున్నవి. "మెంబర్స్" అని చిన్న అక్షరములతో అడిగినను, పెద్ద అక్షరములతో అడిగినను ఒకే పుస్తకము చేతికి వచ్చును. ఇది సుఖమైన పద్ధతి. అయితే ప్రమాణకర్తలు దీనికొక మినహాయింపు నిచ్చిరి. పేరును జంట ఉద్ధరణచిహ్నముల నడుమ నుంచి వ్రాసినచో యంత్రము ఆ పేరును తాకరాదు. ఎట్లు వ్రాసిరో అట్లే పుచ్చుకొనవలెను. పేరులో ఖాళీ కావలసినవారికిని, ఎస్‌క్యూఎల్ తనకై ఉంచుకొన్న మాటలనే పేరుగా పెట్టదలచినవారికిని ఈ మినహాయింపు అక్కరకు వచ్చును. చిన్న తలుపే కాని, దొంగ ప్రవేశించినది ఆ తలుపుననే.

దీనికి ఉదాహరణముగా పోస్ట్‌గ్రెస్ యను డేటాబేసును తీసికొందము. ఇది కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వమున 1986లో ఆరంభమై, 1996 నుండి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అను పేరుతో నడచుచున్నది. చిన్న అక్షరముల వాడుక సహజమైన యూనిక్స్ పరిసరములలో పెరిగిన ఈ డేటాబేసు, పేర్లను పెద్ద అక్షరములలోనికి గాక చిన్న అక్షరములలోనికి మార్చుకొనును. ఇది ప్రమాణమునకు విరుద్ధమని దాని కర్తలే తమ గ్రంథమున దాచక వ్రాసికొనిరి. తనంతట తాను పనిచేసికొన్నంత కాలము ఇందువలన హాని లేదు. అయితే పట్టికలను మనుష్యులు చేతితో వ్రాయుట నేడు తగ్గినది, వానిని సృష్టించు సాధనములు వచ్చినవి. అట్టి సాధనములలో కొన్ని, అడుగకుండగనే, ప్రతి పేరును ఉద్ధరణచిహ్నములలో నుంచును. అప్పుడు మొదటి అక్షరము పెద్దదిగా గల "మెంబర్స్" అను పట్టిక ఏర్పడును. తరువాత ఒక గుమాస్తా మామూలుగా చిహ్నములు లేక అదే పేరు వ్రాసి అడుగును. ఆతడు మొదటి అక్షరమును పెద్దదిగానే వ్రాసినను పోస్ట్‌గ్రెస్ దానిని చిన్నదిగా మార్చుకొని వెదకును, దొరకదు. "అట్టి సంబంధము లేదు" అని సమాధానమిచ్చును. సంబంధమనగా ఇచట పట్టికయే. కాడ్ గణితమునుండి తెచ్చిన పరిభాష అది. కన్నులయెదుట పేరు కనబడుచుండగా, ఉన్నది ఉన్నట్లు వ్రాసి అడుగగా, లేదని వినవలసివచ్చిన గుమాస్తా మనఃస్థితిని శ్రోతలే ఊహింపవచ్చును.

ఒరాకిల్‌లోని లెక్కలను పోస్ట్‌గ్రెస్‌లోనికి మార్చు సంస్థలకును ఇదే కష్టము. అక్కడ పేర్లన్నియు పెద్ద అక్షరములలో నిలువయుండును. మార్చు సాధనము వానిని అట్లే ఉద్ధరణచిహ్నములలో చుట్టి తెచ్చినచో, ఆనాటినుండి ప్రతి ప్రశ్నలోను ప్రతి పేరునకును ఆ చిహ్నములు తగిలింపవలసినదే. అత్తవారింటికి వచ్చిన కోడలు పుట్టింటి పేరుతో పిలిచిననే పలికెదనని పట్టుబట్టినట్లుండును.

ఇవి యన్నియు చికాకులు. నిజమైన ప్రమాదము మైఎస్‌క్యూఎల్ అను డేటాబేసు విషయమున కలదు. 1995లో స్వీడను దేశమున మైకేల్ విడేనియస్, డేవిడ్ ఆక్స్‌మార్క్ ప్రభృతుల కృషివలన ఇది వెలువడినది. ఖర్చులేక దొరకుటవలన చిన్న సంఘములు, దుకాణములు, పాఠశాలలు దీనిని ఎక్కువగా ఆశ్రయించినవి. ఇందులో స్కీమాయు డేటాబేసును ఒకటే. ప్రతి స్కీమా కంప్యూటరులో ఒక ఫోల్డరుగను, అందలి ప్రతి పట్టిక సాధారణముగా ఒక ఫైలుగను ఉండును. కనుక పేర్ల తగవును మైఎస్‌క్యూఎల్ తాను తీర్పక, ఆ కంప్యూటరు ఫైళ్ల పేర్లను ఎట్లు చూచునో అట్లే తానును చూచును. ఇంటి యజమాని మాటయే అద్దెదారు మాట. విండోస్ పెద్ద చిన్న అక్షరములకు భేదము చూపదు. 1969లో బెల్ ప్రయోగశాలలలో పుట్టిన యూనిక్స్ ఆచారమును అనుసరించు లినక్స్ భేదము చూపును. దీనిలో మరియొక విచిత్రము. పట్టికల పేర్లకు ఇంత పట్టింపున్న మైఎస్‌క్యూఎల్, పట్టికలోని నిలువు వరుసల పేర్లకు ఏ యింటనున్నను ఏ పట్టింపును చూపదు. గడప కడ మడి, వంటయింట లేదు.

ఒక పట్టణములోని పొదుపు సంఘమును ఊహించుకొందము. దాని లెక్కల ప్రోగ్రామును ఒక యువకుడు తన యింటనున్న విండోస్ కంప్యూటరుపై వ్రాసెను. ఇచట ప్రోగ్రామనగా రేడియో కార్యక్రమము కాదు, యంత్రమునకు ఇచ్చు ఆదేశముల వరుస. సభ్యుల పట్టికకు పేరు పెట్టునపుడు మొదటి అక్షరమును పెద్దదిగా వ్రాసెను. ప్రోగ్రాములో ఆ పేరు నలువది చోట్ల వచ్చును. కొన్నిచోట్ల పెద్ద అక్షరము పడినది, కొన్నిచోట్ల చిన్నది. విండోస్‌పై అన్నియు నడచినవి. ఏడాది గడచిన పిమ్మట సంఘమువారు అద్దెకు తీసికొన్న లినక్స్ సర్వరుపైకి లెక్కలను ఒక ఆదివారము రాత్రి మార్చిరి. సోమవారము ఉదయమున సొమ్ము తీసికొనుటకు సభ్యులు వరుసలో నిలిచిరి. ప్రోగ్రాములోని సగము పుటలు తెరచుకొన్నవి. మిగిలిన సగము "సభ్యుల పట్టిక లేదు" అని పలికినవి.

పట్టిక ఉన్నది. అందలి ప్రతి రూపాయి లెక్కయు చెక్కుచెదరక యున్నది. కాని "లేదు" అను మాట చదివిన మనుష్యుడు లెక్కలు పోయినవని నమ్మును. భయపడి వారము క్రిందటి పాత ప్రతిని తెచ్చి మీద పోసినచో, ఆ వారములో సభ్యులు కట్టిన సొమ్ము నిజముగనే లెక్కనుండి తొలగిపోవును. కావున అట్టి సందేశము కనబడినప్పుడు మొదట చేయవలసినది పాతప్రతిని తెచ్చుట కాదు. ఉన్న పట్టికల పేర్ల జాబితాను తెప్పించి, అక్షరము అక్షరముగా సరిచూచుట.

ఎదురుదిక్కు ప్రయాణము ఇంకను కఠినమైనది. లినక్స్‌పై పెద్ద అక్షరముతో "ఆర్డర్స్" అను పట్టికయు, చిన్న అక్షరముతో "ఆర్డర్స్" అను వేరొక పట్టికయు పక్కపక్కనే యుండవచ్చును. ఎవరో ఒకరు తొందరలో రెండవదానిని సృష్టించియుందురు. ఈ డేటాబేసునకు ప్రతి తీయు సాధనము, మామూలుగా ప్రతి పట్టికకు ముందు "ఈ పేరుగల పట్టిక యున్నచో తొలగింపుము, పిమ్మట క్రొత్తగా ఏర్పరచుము" అను ఆజ్ఞలను వ్రాసియిచ్చును. అట్టి ప్రతిని విండోస్‌పై ఎక్కించినప్పుడు మొదటి ఆర్డర్స్ చక్కగా దిగును. రెండవ ఆర్డర్స్ వంతు రాగానే, పేరు ఒకటే యని యెంచు ఆ యింట, మొదటిది తొలగింపబడి దాని స్థానమున రెండవది నిలుచును. తప్పు జరిగినదను సందేశమేదియు రాదు. ఆజ్ఞ ఆజ్ఞగా నెరవేరినది గదా! పోయిన పట్టికను ఎవరైన వెదకిననే తెలియును, వెదకు నాటికి అసలు యంత్రమును చెరిపివేసియుండిన ఇక దారి లేదు.

ఈ గొడవను మాన్పుటకు మైఎస్‌క్యూఎల్‌లో ఒక మర కలదు. దానిని 1 అను అంకెపై నుంచినచో ఏ యింటనైనను పేర్లన్నియు చిన్న అక్షరములుగా నిలువయగును. 0 పై నుంచినచో వ్రాసినది వ్రాసినట్లే, భేదము పాటింపబడును. మాక్ కంప్యూటర్లకు 2 అను మూడవ స్థానము కలదు. 2018లో వెలువడిన 8.0 కూర్పునుండి ఈ మరను డేటాబేసును తొలుత నెలకొల్పునపుడే త్రిప్పవలెను. తరువాత త్రిప్పుటకు వీలులేదు. ఇల్లు కట్టిన తరువాత వాస్తు మార్చరాదన్నమాట. మాకిది మంచి కట్టుబాటుగనే తోచుచున్నది. నడుమ మార్చనిచ్చినచో పాత పేర్లతో నున్న పట్టికలు దిక్కులేనివగును.

మిగిలిన డేటాబేసుల సంగతి క్లుప్తముగా చెప్పుదుము. మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌క్యూఎల్ సర్వరు, అక్షరములను ఎట్లు పోల్చవలెనను నియమమును డేటాబేసుతోపాటే ఎన్నుకొమ్మనును. ఎన్నుకొన్న నియమము పెద్ద చిన్న భేదమును పాటించునదైనచో స్కీమాల పేర్లకును, పట్టికల పేర్లకును కూడ అది వర్తించును. మన జేబులలోని ఫోనులలో సైతము పనిచేయు ఎస్‌క్యూలైట్ అను చిన్న డేటాబేసు, ఇంగ్లీషు ఇరువదియాఱు అక్షరముల మట్టుకు భేదము చూపదు.

ఇందులో ఏది న్యాయము? రెండు పేర్లు పలుకుటకు ఒక్కటైనప్పుడు వానిని రెండుగా నెంచుట మనుష్యులకు హితము కాదని మా అభిప్రాయము. ఫోనులో ఒకరు చెప్పగా మరొకరు వ్రాసికొను పేర్లివి, ఫోనులోను అక్షరముల పరిమాణము వినబడదు. అయినను భేదము పాటింపవలెననువారి పక్షమున ఒక బలమైన యుక్తి కలదని ఒప్పుకొనవలెను. రెండు అక్షరములు ఒకటే యని చెప్పుటకు ఏ భాషవారి నియమము పుచ్చుకొనవలెను? తురుష్కుల భాషలో 'ఐ' అక్షరములు రెండు జంటలు, చుక్క గలది, చుక్క లేనిది. చుక్క గల చిన్న అక్షరమునకు చుక్క గల పెద్ద అక్షరమే జోడు. ఆ నియమముతో ఇంగ్లీషు పేరును చిన్నదిగా మార్చినచో వేరొక అక్షరము పుట్టి, పేరు దొరకకుండ పోవును. అందుచేత పోస్ట్‌గ్రెస్ కర్తలు దేశభాషా నియమములను ప్రక్కనుంచి, ఇంగ్లీషు అక్షరములకు మాత్రము ఆ 32 సంఖ్య తేడాతో మార్చు సాదా కూడికను నిలుపుకొనిరి.

పని నడపుకొనువారికి దారి సుగమమే. పేర్లను ఎల్లప్పుడును చిన్న అక్షరములతోనే వ్రాయుట, రెండు మాటలు కలిసిన పేరులో నడుమ అడుగుగీత నుంచుట, ఉద్ధరణచిహ్నముల జోలికి పోకుండుట. మైఎస్‌క్యూఎల్ వారి గ్రంథమును చిన్న అక్షరముల నియమమునే ఉదాహరణముగా చూపి సలహానిచ్చుచున్నది. ఇట్లు చేసిన పట్టిక ఈ డేటాబేసులలో దేనియందైనను పిలిచిన పలుకును.

తెలుగులోనే పేర్లు పెట్టుకొన్నచో ఈ పీడ వదలును గదా యని కొందరు శ్రోతలకు తోచవచ్చును. పెట్టుకొనవచ్చును. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ రెండును "సభ్యులు" అను పేరును ఉద్ధరణచిహ్నములు లేకయే అంగీకరించును. మన అక్షరములకు పెద్ద చిన్న రూపములు లేవు కనుక మార్చవలసినది లేదు. కాని మనకును ఒకే మాటకు రెండు వ్రాతలు లేకపోలేదు. అరసున్నతో వ్రాసిన "వాఁడు" అది లేని "వాడు" ఒకరే యని మనకు తెలియును, బండిఱతో వ్రాసిన ఏఱు, మామూలు రేఫతో వ్రాసిన ఏరు ఒకే నీరు పారునది. యంత్రమునకు తెలియదు. అంతకన్న సూక్ష్మమైనది ఐత్వము. యూనికోడ్ అను ప్రపంచ ప్రమాణములో దానిని ఒకే సంఖ్యతో వ్రాయవచ్చును; ఎత్వమునకు క్రింది గుర్తును చేర్చి రెండు సంఖ్యలతోను వ్రాయవచ్చును. అచ్చులో రెండును ఒకే తీరున కనబడును, ఆ ప్రమాణమే రెండును సమానమని చెప్పుచున్నది. అయినను పోస్ట్‌గ్రెస్ పట్టికల పేర్లకు ఆ సమానత్వమును తానై వర్తింపజేయదు. ఐత్వమును రెండు సంఖ్యలుగా పుట్టించు మీటలు అరుదు కనుక ఇది తరచుగా ఎదురుపడదు. తరచుగా ఎదురుపడునది వేరు. "రేషన్" వంటి మాట చివర పొల్లు తరువాత, అక్షరములు కలియకుండ ఆపు ఒక గుర్తును కొన్ని టైపు పద్ధతులు చేర్చును. దానికి రూపము లేదు, వెడల్పు లేదు. అది గల రేషన్, లేని రేషన్ కంటికి ఒకటే, చెవికి ఒకటే. డేటాబేసునకు రెండు పట్టికలు. ఇంగ్లీషు పేరులో పెద్ద అక్షరము పడినచో కనీసము కంటికి కనబడును. ఇది కనబడదు కనుక, తెలుగు పేరు పెట్టువారు దానిని ఒక్కసారి టైపు చేసి, తరువాత అన్నిచోట్లను ఆ ప్రతినే తెచ్చి అతికించుకొనుట మేలు.